ఇల్లు తీసేసే ముందు ఏమేం ఫొటోలు తీయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు, ఉద్యోగం బెంగళూరులో. దసరా తర్వాత మా తాత కట్టిన గూన పెంకుల ఇల్లు తీసేసి స్లాబ్ ఇల్లు వేస్తున్నారు. లక్నవరం, పాకాల వెళ్లినప్పుడు తీసిన ఫొటోలు వేలల్లో ఉన్నాయి గానీ, ఇంటివి వెతికితే సెల్ఫీల వెనకాల గోడ ముక్క తప్ప ఏమీ దొరకలేదు. పండక్కి నాలుగు రోజులు ఉంటాను. మంచి కెమెరా కొనాలా? ఏం తీయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కెమెరా కొనకండి, వీలైతే ఇంకో రెండు రోజులు సెలవు అడగండి. చేతిలో ఉన్న ఫోను చాలు. లక్నవరం వేలాడే వంతెనను రోజూ ఎంతోమంది తీస్తుంటారు, మీరు తీయకపోయినా ఆ ఫొటో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మీ ఇంటి దర్వాజను మాత్రం మీరు తీయకపోతే ఇక లేదంతే.

మొదటి రోజు పొద్దున్నే, వాకిట్లో సాన్పి చల్లే వేళకు లేచి వీధికి అవతలి వైపు నిలబడి ఇల్లు మొత్తం తీయండి. తర్వాత మీరు చిన్నప్పుడు బడి నుంచి వచ్చి లోపలికి ఎలా నడిచేవారో అదే వరసలో నడుస్తూ వాకిలి, అరుగు, దర్వాజ, నడిమింట్లో దంతెలు, వంటింట్లో పొయ్యి మీద మసి పట్టిన గోడ, దీపం గూడు, వెనకాల బాయి, ఇట్లా ఒక్కోటి తీసుకుంటూ పొండి. పాత ఇండ్లలో వెలుతురు తక్కువ కాబట్టి దర్వాజకు ఎదురుగా నిలబడి తీస్తే గది అంతా నల్లగా వస్తుంది, దర్వాజ దగ్గర దానికి వీపు పెట్టి లోపలికి తీయండి. ఫ్లాష్ వద్దు. చిన్న గదుల్లో వైడ్ లెన్స్ వాడొచ్చు గానీ ఫోను నిట్టనిలువుగా పట్టుకోవాలి, కొంచెం పైకెత్తినా గోడలు వాలిపోయినట్టు వస్తాయి. స్టీలు బిందెలు, పళ్లేల మీద కొట్టించిన పేర్లు, తేదీలు దగ్గరగా తీయండి. ఎవరి పెండ్లికి ఎవరు పెట్టారో చెప్పే లెక్క చాలా ఇండ్లలో వాటి మీద తప్ప ఇంకెక్కడా రాసి ఉండదు.

ఇక మనుషులు. కెమెరా కనబడగానే మన పెద్దవాళ్లు కొంగు సర్దుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బిగుసుకుపోతారు. ఆ ఫొటో కూడా తీయండి, అది వాళ్లకు ఇష్టమైన ఫొటో. కానీ ఆ తర్వాత ఫోను దించి మాట్లాడుతూ ఉండండి. చిక్కుడుకాయ తుంచుతుంటేనో, గునుగు పూలకు రంగు అద్దుతుంటేనో నాలుగైదు అడుగుల దూరం నుంచి రెండింతల జూమ్‌లో తీయండి, మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దగా వస్తుంది. అరుగు మీద, నీడలో, మొహం వీధి వైపు ఉండేలా కూర్చోబెడితే ఆ వెలుతురుకు ఏ స్టూడియో లైటూ సాటి రాదు. ఈ ఇల్లు ఎట్లా కట్టారో, కలప ఎక్కడి నుంచి తెచ్చారో అడిగి వీడియో పెట్టండి, పది నిమిషాలైనా ఆపకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా నాయనమ్మ పోయినప్పుడు ఫ్రేమ్ కట్టించడానికి ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయించాల్సి వచ్చింది. అప్పటికే నేను ఊళ్లు తిరిగి కొండలు, జలపాతాలు తీస్తూ ఏడేళ్లయింది. ఆమె రోజూ కూర్చునే అరుగు ఫొటో నా దగ్గర ఒకటుంది, అందులో ఆమె లేదు.

ప్రశ్న: రామప్ప గుడికి మూడుసార్లు వెళ్లాం. చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలు (స్త్రీల శిల్పాలు) ప్రతిసారీ నల్లటి ముద్దల్లా వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు మధ్యాహ్నం వెళ్లి ఉంటారు. నల్లరాయి, పైన చూరు నీడ, వెనకాల తెల్లటి ఆకాశం, మూడూ కలిస్తే ఫోను ఆకాశాన్ని చూసి లెక్క వేసుకుంటుంది, శిల్పం నల్లబడుతుంది. తెర మీద శిల్పం మీదే వేలు కాసేపు నొక్కి పట్టండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. ఆకాశం తెల్లబడితే పడనీయండి. గుడి తూర్పు ముఖం కాబట్టి ఎదుటి భాగానికి పొద్దుటి ఎండ బాగుంటుంది, ఎర్రటి ఇసుకరాయి అప్పుడు నిజంగా వెలుగుతుంది. మబ్బు పట్టిన రోజైతే శిల్పాలకు ఇంకా మంచిది, గీతగీతా కనబడుతుంది.

పిల్లలను వెంట తీసుకెళ్తుంటే ఒక్క మాట. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని చెబితే వాళ్లకు అంతగా పట్టదు. అదే ఒక మదనికను చూపించి, ఆమె కాలి చెప్పు ఎత్తు మడమల చెప్పులా ఎందుకుందో అడిగి చూడండి. వాళ్లు తల పైకెత్తి చూసే ఆ క్షణం తీయండి, శిల్పం ఫొటో కంటే నాకైతే అదే ఇష్టం.

ప్రశ్న: బొగత జలపాతం ఫొటోల్లో నీళ్లు పాలలా జారుతున్నట్టు రావాలంటే?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో నాలుగో వంతుకు, ఐఎస్ఓను (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) అన్నిటికంటే తక్కువకు పెట్టి, ఫోనును ఏదైనా రాయికి ఆనించి తీయండి. ఎండ ఎక్కువుంటే మొత్తం తెల్లబడుతుంది, సాయంత్రం దాకా ఆగండి. నీటి తుంపరలు లెన్స్ మీద పడతాయి, నూలు గుడ్డ ఒకటి జేబులో ఉంచుకోండి. వరద ఎక్కువున్నప్పుడు సిబ్బంది ఆపితే మాత్రం ఆగిపోండి, ఫొటో కోసం రాళ్ల మీదికి దిగొద్దు.

ప్రశ్న: అమ్మవాళ్ల ఇంట్లో పాత స్టూడియో ఫొటోలు ఆల్బమ్‌కు అతుక్కుపోయాయి. ఊడబీకి స్కాన్ చేయించాలా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఊడబీకకండి, చిరిగిపోతాయి. ఆల్బమ్‌ను కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫొటోకు సరిగ్గా పైన ఉండేలా పట్టుకుని తీయండి. ప్లాస్టిక్ మెరుస్తుంటే ఆల్బమ్‌ను కొంచెం తిప్పండి, మెరుపు పోతుంది. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోయి మొహాలు మసకబారుతాయి. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో అక్క దగ్గరో ఉంచండి.

ఇవన్నీ వచ్చే నెలలో చేసినా పరవాలేదు. ఆ ఫొటోల్లో ఎవరెవరున్నారో గుర్తుపట్టగలిగే పెద్దమ్మో మేనత్తో ఉంటే ఈ ఆదివారమే ఆల్బమ్ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చోండి. ఎడమ వైపు నుంచి ఒక్కొక్కరి పేరు ఆమె చెబుతుంటే రాసుకోండి.