శోభన్ బాబు గారి ఆస్తి నిజంగా వేల కోట్లా? అదే కాలం నటులు కొందరు ఎందుకు అంతా పోగొట్టుకున్నారు?

మీరు రెండు విషయాలు అడిగారు. శోభన్ బాబు గారికి చెన్నైలో వేల కోట్ల ఆస్తి ఉందని వీడియోల్లో చెప్పేది నిజమేనా అన్నది ఒకటి, అదే రోజుల్లో పేరు తెచ్చుకున్న కొందరు చివరికి చేతిలో ఏమీ లేకుండా ఎందుకు పోయారన్నది రెండోది. నేను ఎనభైల్లో మద్రాసు వెళ్లి కోడంబాకం, వడపళని ప్రొడక్షన్ ఆఫీసుల్లో లెక్కలు రాశాను. హైదరాబాద్ వచ్చాక కూడా చిన్న నటుల ఖాతాలు, రిటర్నులు చూస్తూనే ఉన్నాను. కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

మొదటిదానికి జవాబు చిన్నదే. ఆ అంకెల్ని నమ్మకండి. ఒక కుటుంబం దగ్గర ఏయే పత్రాలు ఉన్నాయో బయటివాళ్లకి తెలియదు, ఎవరో చెప్పిన స్థలాల్ని ఈ రోజు రేటుతో గుణించి వీడియో మీద కోట్లు రాసేస్తారు. ఆయన భూమి మీద డబ్బు పెట్టారన్నది మాత్రం ఖాయం. స్థలం కొనుక్కోమని తనకి సలహా ఇచ్చింది ఆయనేనని మురళీమోహన్ గారు ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. మద్రాసులో స్థలాన్ని గ్రౌండ్లలో అమ్ముతారు, ఒక గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు. ఊరు నాలుగు వైపులా పెరుగుతున్న ఆ రోజుల్లో గ్రౌండ్ కొని కదలకుండా కూర్చున్నవాడు ఎవడైనా బాగుపడ్డాడు. అయితే కొనడానికి డబ్బు మిగలాలి, కొన్నది అమ్ముకోవాల్సిన అవసరం రాకూడదు. చాలామంది నటులు తడబడింది ఈ రెండో చోటే.

ఆయన మొదట్నుంచీ పెద్ద హీరో కాదు. 1937లో కృష్ణా జిల్లా చిన నందిగామలో పుట్టి, లా చదువుదామని మద్రాసు వచ్చి వేషాల కోసం తిరిగారు. 1959లో దైవబలం, ఆ తర్వాత ఏళ్ల తరబడి చిన్న పాత్రలు. 1969లో మనుషులు మారాలి వచ్చాకే నిలదొక్కుకున్నారు. అప్పటికే పెళ్లయి పిల్లలున్న మనిషి, చిన్న వేషాలకి వచ్చే డబ్బుతో ఇల్లు నడిపిన మనిషి. ఆ పదేళ్లే ఆయనకి డబ్బు విలువ నేర్పాయని నా నమ్మకం. 1975లో సోగ్గాడు వచ్చి పేరు ఆకాశానికి అంటినప్పుడు కూడా సాయంత్రం ఆరు దాటితే షూటింగ్ ఉండదు, ఆదివారం ఉండదు అన్న నియమం వదల్లేదు. నేను ఆయన సినిమాలకి పని చేయలేదు గానీ, ఆయన కాల్షీట్ ఉన్న రోజు ఎంత ముందుగా ప్లాన్ చేసుకోవాలో ప్రొడక్షన్ మేనేజర్లు చెప్పుకోవడం విన్నాను. 1996లో హలో గురూ తర్వాత ఇక చాలనుకుని ఆపేశారు. పరిశ్రమ హైదరాబాద్ తరలినా ఆయన చెన్నైలోనే ఉండిపోయారు, 2008 మార్చిలో అక్కడే పోయారు. తండ్రి పాత్రలు, తాత పాత్రలు వేసి ఇంకో పదేళ్లు సంపాదించే వీలున్నా ఆపగలిగారంటే, డబ్బు కోసం నటించాల్సిన పరిస్థితి లేదన్నమాట. నా దృష్టిలో నటుడి సంపద అంటే ఇది, కోట్ల లెక్క కాదు.

ఇక రెండో ప్రశ్న. చాలామంది తాగుడు, జల్సాలు, బంధువులు అని తేలిగ్గా తేల్చేస్తారు, వింటే నాకు బాధేస్తుంది. పెద్ద దెబ్బ సొంత సినిమా. ఎవరి పేరు చూసినా చివరికి అక్కడికే వస్తుంది.

రీళ్ల రోజుల్లో అది ఎలా జరిగేదో చెబుతాను. నటుడు నిర్మాత అయ్యాక ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చేవాడు, ఫైనాన్షియర్ ల్యాబ్ లెటర్ తీసుకునేవాడు, అంటే అప్పు తీరేదాకా నెగెటివ్ ల్యాబ్‌లోనే ఉండేది, ప్రింట్లు బయటికి వచ్చేవి కావు. డిస్ట్రిబ్యూటర్లు ముందే ఇంతిస్తామని ఒప్పుకున్న డబ్బుతో అప్పు తీర్చాలి. షెడ్యూల్ ఒకటి తప్పితే, ఒక్క ఆర్టిస్టు డేట్లు దొరక్కపోతే, వడ్డీ నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. రిలీజ్ ముందు రాత్రి ల్యాబ్ దగ్గర నిర్మాతలు ఎవరెవరికో ఫోన్లు చేసుకుంటూ తిరగడం నా కళ్లతో చూశాను. ఆ సమయంలో ఇంటి పత్రాలు, పొలం పత్రాలు, ఒంటి మీద బంగారం, ఏదుంటే అది కుదవకి పోతుంది. నటుడైతే ఇంకా తొందరగా సంతకం పెడతాడు, ఎందుకంటే పోస్టరు మీద ఉన్నది తన ముఖం, పరువు తనది.

కాంతారావు గారి విషయం చూడండి. కోదాడ దగ్గర గుడిబండలో భూములున్న కుటుంబం. జానపద సినిమాల్లో కత్తి పట్టి ఆంధ్రదేశమంతా ఊపేశారు. సప్తస్వరాలు, గండరగండడు లాంటి సినిమాలు సొంతంగా తీసి, ఆ నష్టాలకి ఊళ్లో పొలాలు అమ్ముకున్నారు. పెద్దవయసులో టీవీ సీరియళ్లలో కూడా నటించాల్సి వచ్చింది, 2009లో పోయారు. జల్సా చేసి పోగొట్టుకున్న డబ్బు కాదది, సినిమా నుంచి వచ్చింది మళ్లీ సినిమాకే పెట్టారు.

సావిత్రి గారిదీ దాదాపు అంతే. 1968లో చిన్నారి పాపలుకి దర్శకత్వం వహించారు, 1971లో తమిళంలో ప్రాప్తం తీసి దెబ్బతిన్నారు, పైన ఆదాయపు పన్ను బకాయిలు. మిగతా కథ అందరికీ తెలిసిందే. నాగయ్య గారు త్యాగయ్య (1946) తానే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించారు. ఇంటికొచ్చిన ఎవరికైనా అన్నం పెట్టిన మనిషి, 1973 డిసెంబరులో ఇబ్బందుల్లోనే పోయారు. టి.నగర్ పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది, చెన్నై వెళ్తే చూడండి.

పన్ను సంగతి కూడా మర్చిపోకూడదు. 1973–74 ప్రాంతంలో పై శ్లాబులో పన్ను, సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం దాకా ఉండేది. పై శ్లాబులోకి వెళ్లాక వచ్చిన ప్రతి వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండు రూపాయల పైచిలుకు. లెక్కలు చూసే నమ్మకస్తుడు లేని నటుడికి నాలుగేళ్ల తర్వాత నోటీసు వస్తే, అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, సినిమాలు తగ్గిపోయి ఉంటాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరం వాళ్లని ఈ రోజు పన్ను రేట్లతో కొలిచి తెలివితక్కువవాళ్లు అనడం అన్యాయం.

ఈ కాలం హీరోల నెట్‌వర్త్ గురించి కూడా ఒక మాట. కాగితం మీద ఆధారం కావాలంటే ఎన్నికల్లో నిలబడినవాళ్ల వివరాలు చూడాలి. 2024లో పిఠాపురంలో నామినేషన్ వేసినప్పుడు పవన్ కల్యాణ్ గారు వెల్లడించిన వివరాల్లో అయిదేళ్ల సంపాదన దాదాపు 114.76 కోట్లు. అందులో ఆదాయపు పన్నుగా కట్టింది 47 కోట్ల పైన, జీఎస్టీ మరో 26 కోట్ల పైన, విరాళాలు 20 కోట్లకు పైగా, పోనీ అప్పులు లేవా అంటే అవి 64 కోట్ల పైన. పేపర్లో సినిమాకి ఇన్ని కోట్లు అని చదివినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

అయితే ఇదంతా పైనున్న కొద్దిమంది సంగతి. నేను లెక్కలు చూసే క్యారెక్టర్ ఆర్టిస్టులు, సీరియల్ వాళ్లు రోజు లెక్కన పని చేస్తారు. వచ్చే డబ్బులో 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, కోత పడుతుంది, రిటర్ను వేస్తేనే అది వెనక్కి వస్తుంది, చాలామంది వెయ్యరు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, దాన్ని ముందే ఒప్పందంలో రాయించుకోకపోతే ఆ 18 శాతం తమ జేబులోంచే పోతుంది. సీరియల్ డబ్బులు నెలల తర్వాత వస్తాయి. నాకు బాగా కావలసిన ఒక ఆర్టిస్టుకి ఒక నిర్మాత ఇచ్చిన బ్యాలెన్స్ చెక్కు బౌన్స్ అయింది, అప్పటికే డబ్బింగ్ చెప్పేశారు కాబట్టి పట్టుపట్టడానికి చేతిలో ఏమీ లేదు, ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. డబ్బింగ్‌కి ముందే బ్యాలెన్స్ తీసుకోవాలన్నది పరిశ్రమలో పాత కట్టుబాటే, పెద్దవాళ్లు అడగగలరు, చిన్నవాళ్లు మళ్లీ పిలవరేమోనన్న టెన్షన్‌తో నోరు విప్పరు. మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్లలోగానీ నటించేవాళ్లుంటే ముందు ఒప్పందం కాగితం మీద ఉందో లేదో అడగండి, ఎవరి సినిమా అప్పుకీ హామీ సంతకం పెట్టొద్దని చెప్పండి. స్థలం కొనడం ఆ తర్వాతి మాట.