ముందు రోటిఫర్ బకెట్టు, ఆ తర్వాతే క్లౌన్ జంట

ఉప్పునీటి చేపల చేత ఇంట్లో గుడ్లు పెట్టించి పిల్లలు తీయడం గురించి వచ్చిన ఉత్తరాల్లో తెల్ల చారలుండే క్లౌన్ చేపల సంగతే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షికలో దాదాపు అంతా వాటికే ఇస్తున్నాం. రోటిఫర్లు అంటే వాటి పిల్లలు మొదట తినే, కంటికి సరిగా ఆనని నీటి జీవులు.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో ఒక గదిలో ఆరడుగుల గోడ ఖాళీగా ఉంది. క్లౌన్ పిల్లలు తీయడానికి ఎన్ని ట్యాంకులు కావాలి? బోరు నీళ్ళు పనికొస్తాయా? (హైదరాబాద్)

జవాబు: ఆరడుగులు చాలు. రెండంతస్తుల స్టాండు చేయించండి. కింద జంట ఉండే ట్యాంకు పెట్టండి. 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు ఉంటే అంచుదాకా 127 లీటర్లు పడతాయి. దాని పక్కన పిల్లలు ఎదగడానికి అదే కొలతల్లో ఇంకొకటి. పైన, నడుము ఎత్తులో, అప్పుడే పొదిగిన పిల్లలకు (లార్వాలకు) ఒకటిన్నర × 1 × 1 అడుగు లార్వా ట్యాంకులు రెండు. అలవాటుపడ్డ జంట సుమారు రెండు వారాలకోసారి గుడ్లు పెడుతుంది, పిల్లలు లార్వా ట్యాంకు వదలడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అందుకే ఒక్క ట్యాంకుతో సరిపోదు. రోటిఫర్లకు 20 లీటర్ల బకెట్లు రెండు, కలిపిన ఉప్పునీరు నిల్వకు 100 లీటర్ల డ్రమ్ము. ఎయిర్ పంపు బ్యాటరీతో కూడా నడిచేది కొనండి. కరెంటు పోయినప్పుడు ముందు పోయేవి రోటిఫర్లు, ఆ వెంటే లార్వాలు.

బోరు నీళ్ళు వద్దు. ఆర్వో నీళ్ళలో మెరైన్ సాల్ట్ (అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) లీటరుకు సుమారు 36 గ్రాములు కలిపి, రాత్రంతా గాలి పట్టించి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) చూసుకోండి. వంటింటి గళ్ళ ఉప్పు వాడకండి. ఉప్పుమడుల్లో ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీటిని పారబోస్తారు, కాబట్టి అది సముద్రం నుంచి వచ్చినా సముద్రపు నీరు కాలేదు. ఆవిరైన మేరకు ఉప్పులేని ఆర్వో నీళ్ళే పోయాలి. అద్దం మీద గీత పెట్టుకుంటే సులువు. ఎండాకాలంలో నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. జంటకు 26–28 డిగ్రీలు ఉండాలి.

వడపోతకు స్పాంజ్ ఫిల్టరు, సిరామిక్ రింగులు చాలు. చేపలు వేసేముందు వాటికి విషమైన అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావాలి, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "లైవ్ రాక్" పేరుతో ఎవరైనా సముద్రం నుంచి తీసిన పగడపు రాయి అమ్మజూపితే కొనకండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలో క్లౌన్ చేపలు ఆశ్రయం తీసుకునే ఎనిమోను అనే జీవి కూడా అక్కర్లేదు. రంగు వేయని మట్టి కుండీని పక్కకు వాల్చి పెట్టినా, బంగళాపెంకు ముక్క గోడకు ఆనించినా గుడ్లు పెడతాయి.

ప్రశ్న: రెండు పెద్ద క్లౌన్ చేపలు కొన్నాను. ఒకటి రెండోదాని రెక్కలు కొరికేసింది. జంట కట్టవా? (విజయవాడ)

జవాబు: రెండూ ఆడవై ఉంటాయి. క్లౌన్ చేపలన్నీ ముందు మగవే. గుంపులో పెద్దది ఆడగా మారుతుంది, తిరిగి మగది కాదు. వెంటనే విడదీసి, పెద్దదానికి తోడుగా బాగా చిన్నదాన్ని చిల్లులున్న డబ్బాలో కొన్నాళ్ళు పెట్టి, ఆ తర్వాత వదలండి. చిన్నది ఒక పక్కకు ఒరిగి వణుకుతుంటే లొంగిందని అర్థం, భయపడొద్దు. పిల్లలుగా కొన్న జంట మొదటి గుడ్లకు ఏడాది, ఏడాదిన్నర పట్టొచ్చు. ఈలోపు తరిగిన పచ్చి రొయ్య, కణవ (స్క్విడ్) మాంసం రోజుకు రెండు, మూడుసార్లు పెట్టండి. మొదటి రెండు, మూడు విడతల గుడ్లు తినేసినా ఫరవాలేదు. అప్పటికీ తింటుంటే ట్యాంకు ముందు మనుషుల రాకపోకలు తగ్గించి చూడండి.

ప్రశ్న: గుడ్లు పొదిగాయి, వందల పిల్లలు కనిపించాయి. నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. మూడుసార్లూ ఇదే కథ. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన పలచగా కలిపి పోశాను. (కాకినాడ)

జవాబు: పచ్చసొనే చంపింది. క్లౌన్ లార్వా కదిలే ఆహారాన్నే వెంటాడి పట్టుకుంటుంది. పచ్చసొన అడుగున చేరి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. గుడ్డులోంచి తెచ్చుకున్న సొన కొద్దిగానే ఉంటుంది, అది అయిపోగానే ఆకలి. రోటిఫర్లు ఎదురుగా లేకపోతే మూడు, నాలుగు రోజులకు మించి నిలవదు.

క్రమం ఇది. గుడ్లు మొదట నారింజ రంగులో ఉంటాయి, తర్వాత నల్లబడతాయి. 27 డిగ్రీల దగ్గర ఏడో రోజుకు కళ్ళు వెండిలా మెరుస్తాయి. ఆ సాయంత్రమే గుడ్లు అంటుకున్న బంగళాపెంకును నీళ్ళలోంచి బయటికి తీయకుండా, చిన్న గిన్నెలో ముంచి లార్వా ట్యాంకులోకి మార్చండి. ట్యాంకులో జంట ట్యాంకు నీళ్ళే 20 లీటర్లు పోసి ఉంచాలి, వేడి, ఉప్పు తేడా రాదు. తండ్రి రెక్కలతో విసిరే పని ఇక గాలిది. పెంకు కింద ఎయిర్ స్టోన్ పెట్టి గుడ్లు మెల్లగా ఊగేలా బుడగలు వదలండి. లైటు ఆర్పిన గంట, రెండు గంటల్లో పొదుగుతాయి. పొదిగాక పెంకు తీసేసి, గాలిని సన్నటి గొట్టంలోంచి సెకనుకు ఒకటి, రెండు బుడగలకు తగ్గించండి. వల వాడకండి, దానికి తగిలిన లార్వా బతకదు.

ట్యాంకుకు నాలుగు పక్కలా నల్ల కాగితం అంటించండి. అద్దంలో వెలుగు కనిపిస్తే లార్వాలు దానికేసి తల కొట్టుకుని తిండి మానేస్తాయి. నీళ్ళను నానోక్లోరాప్సిస్ నాచుతో లేత పచ్చగా, అడుగు మసకగా కనిపించేలా చేయండి. వెలుగు పరుచుకుంటుంది, రోటిఫర్లకూ తిండి దొరుకుతుంది. మొదటి ఉదయం నుంచే మిల్లీలీటరుకు పది రోటిఫర్లు ఉండాలి. 20 లీటర్లకు రెండు లక్షలన్నమాట. 15 లీటర్ల బకెట్టులో మిల్లీలీటరుకు వంద ఉంటే మొత్తం పదిహేను లక్షలు, అందులో నాలుగో వంతు వడకడితే మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. ఒక రోజుకు బాగానే చాలుతుంది. పూటకోసారి లెక్కించి, తగ్గితే కలపండి. మూడో రోజు నుంచి అడుగు మురికిని సన్నటి గొట్టంతో లాగి, తీసినంత నీరు చుక్కచుక్కగా పోయండి.

ఏడో రోజున కొద్దిగా, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్య జాతి చిన్న ఉప్పునీటి జీవి) ఇచ్చి చూడండి. పొట్ట నారింజ రంగుకు తిరిగితే తింటున్నట్టే. రోటిఫర్లను ఇంకో మూడు, నాలుగు రోజులు మానకండి. పది నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్ల చారలు వచ్చి పిల్లలు అడుగుకు దిగుతాయి. ఇక్కడ రెండో విడత చావులుంటాయి, తిండి నాణ్యతే ప్రధాన కారణం. ఆర్టీమియా పొదిగి కొన్ని గంటలు గడిస్తే దాని బలం తగ్గిపోతుంది. నిల్వ ఉన్నదాన్ని పోసేముందు, పోషకాలు పట్టించే ఎన్‌రిచ్‌మెంట్ ద్రావణంలో ఉంచండి.

ప్రశ్న: రోటిఫర్లు మూడు వారాలు బాగుండి ఒక్క రాత్రిలో పోతున్నాయి. (రాజమహేంద్రవరం)

జవాబు: తిండి ఎక్కువ వేయడం, రోటిఫర్లను తక్కువగా బయటికి తీయడం. రోజూ నాలుగో వంతు నీటిని 53 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, ఆ నీరు పారబోసి కొత్త ఉప్పునీరు పోయండి. వాటికి 25 పీపీటీ బాగుంటుంది. లార్వా ట్యాంకులో వేసేముందు అరగంటపాటు కొద్దికొద్దిగా ఉప్పు పెంచాలి. నాచు పేస్టు, మర్నాటికి పచ్చదనం దాదాపు పోయేంతే వేయండి. ఇంకా ముదురు పచ్చగా ఉంటే ఆ పూట వేయకండి. భూతద్దంలో గుడ్లు మోసే రోటిఫర్లు బాగా తగ్గినా, నీటి మీద నురుగు పేరుకున్నా సగం నీళ్ళు మార్చేయండి. రెండో బకెట్టు వేరే గదిలో, వేరే జల్లెడతో ఉండాలి. ఆర్టీమియా పాత్ర రోటిఫర్ బకెట్టు దరిదాపుల్లో పెట్టొద్దు. ఒక్క ఆర్టీమియా పడ్డా నాచు తినేసి పెద్దదై కూర్చుంటుంది.

ప్రశ్న: మా పక్కనే రొయ్యల హేచరీ ఉంది. అక్కడి నాచు వాడొచ్చా? (బాపట్ల)

జవాబు: రొయ్య జోయాకు (తొలి దశ పిల్లలకు) హేచరీలు పెంచేది ఎక్కువగా కీటోసెరస్, థలాసియోసిరా అనే నాచులు. రోటిఫర్లకు రోజువారీ మేతగా నానోక్లోరాప్సిస్ తెచ్చుకోండి. ఆర్టీమియా గుడ్ల డబ్బాలు మాత్రం అక్కడి సరఫరా దుకాణాల్లోనే మంచివి దొరుకుతాయి. లీటరు 25 పీపీటీ నీటికి ఒక గ్రాము, 28 డిగ్రీలు, లైటు, గట్టి గాలి ఉంటే మర్నాటికి పొదుగుతుంది. ఖాళీ గుడ్డు పెంకులు పైకి తేలాక పిల్లలను అడుగు నుంచి తీసుకోండి. హేచరీ నీళ్ళు మాత్రం ఇంటికి తేకండి.

ప్రశ్న: తీరానే ఉన్నాం కదా, సముద్రపు నీళ్ళు తెచ్చుకోకూడదా? (విశాఖపట్నం)

జవాబు: హార్బరుకు, కాలువలు కలిసే చోట్లకు దూరంగా తెచ్చుకోవచ్చు. అయితే వానాకాలం చివర బంగాళాఖాతం పైపొరలో నదుల నీరు చేరి ఉప్పు 30 పీపీటీ కంటే దిగువకు పడుతుంది, ప్రతిసారీ కొలవాలి. 28 వస్తే లీటరుకు ఆరేడు గ్రాముల మెరైన్ సాల్ట్ కలపండి. వడకట్టాక 100 లీటర్లకు 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 3.3 గ్రాములు వేసి, ఒక రోజు మూసి ఉంచి, తర్వాత గాలి పట్టించండి. మిగిలిన క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేటు 7 గ్రాముల దాకా అవసరం కావొచ్చు. క్లోరిన్ కిట్‌లో రంగు రాకపోతేనే వాడాలి.

ప్రశ్న: క్లౌన్ కంటే సులువైన చేప ఉందా? నీలి టాంగ్ సంగతేమిటి? (వరంగల్)

జవాబు: సులువైనది బంగాయ్ కార్డినల్. మగది గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే మోస్తుంది. వదిలేసరికి పిల్లలు కాస్త పెద్దవే, నేరుగా ఆర్టీమియా తింటాయి, రోటిఫర్ల గొడవ లేదు. కాకపోతే విడతకు వచ్చేది కొద్ది పిల్లలే. ఇండోనేషియా బంగాయ్ దీవుల చుట్టూనే పుట్టే ఈ జాతి అంతరించే ముప్పులో ఉంది, కాబట్టి తొట్టిలో పుట్టినవే అడిగి కొనండి. నీలి టాంగ్ ఇంటి పని కాదు. నీటిలో తేలే గుడ్లు, చాలా సన్నటి లార్వాలు. రోటిఫర్ కూడా వాటి నోటికి పెద్దదే, కోపిపాడ్ అనే సూక్ష్మ జలజీవుల పిల్లలు కావాలి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో వీటిని తొట్టిలో పెంచి పెద్ద చేయగలిగింది 2016లో.