తాగుడు మాన్పించే మాత్ర ఆయనకు తెలియకుండా ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ కృష్ణలంక. మావారు ఆటో నడుపుతారు. పదేళ్లుగా రోజూ తాగుతున్నారు, పొద్దున్నే చేతులు వణుకుతాయి. డైసల్ఫిరాం మాత్ర పొడి చేసి కూరలో కలపమని తెలిసినవాళ్లు చెప్పారు. మాత్రలు తెచ్చాను. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. పదేళ్లు భరించాక ఏదో ఒక దారి వెతుక్కోవడంలో మీ తప్పేమీ లేదు. కానీ ఈ దారిలో ఆయన ప్రాణానికే ముప్పుంది.

మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. ఆ విషాన్ని విరిచే ఎంజైమును ఈ మాత్ర ఆపేస్తుంది. అందుకే మాత్ర మీద కొంచెం మద్యం పడినా కాసేపట్లోనే మొహం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. బీపీ పడిపోవచ్చు. సంగతి తెలియని మనిషి తగ్గుతుందేమోనని ఇంకో గుక్క వేస్తారు. అప్పుడు ఆటో నడుపుతుంటే? తెలిసి మింగినవారికైతే ఆ భయమే కాపలా.

చేతులు వణుకుతున్నాయంటే ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు కష్టమైనవి. అందుకే ముందు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వణుకుకు మందులు, బి1 విటమిన్ ఇచ్చి, లివర్ పరీక్ష, ఈసీజీ చేయించాకే ఈ మాత్ర సంగతి. గుండెజబ్బు, కామెర్లు, ఫిట్స్, మానసిక జబ్బు ఉంటే, వాడుతున్న మందులుంటే దాచకుండా చెప్పండి.

ఆయన ఒప్పుకుంటే, చివరిసారి తాగి కనీసం 12 గంటలు దాటాకే మొదటి మాత్ర. డాక్టర్లు తరచూ ఇంకా ఎక్కువ ఆగమంటారు. మామూలు మోతాదు రోజుకు 250 మి.గ్రా. అసలు ఫలితం పక్కన మనిషి ఉండి మింగించడంలో ఉంది. నాలుక కింద దాచి ఉమ్మేయడం, సీసాలో వేరే మాత్రలు పెట్టడం జరుగుతుంటాయి కాబట్టి డాక్టరును అడిగి పొడి చేసి నీళ్లలో కలిపివ్వండి. తాగాలనే ఆలోచన రాకముందే, పొద్దున టిఫిన్ వేళ ఇవ్వడం మేలు. మగతగా ఉంటే రాత్రికి మార్చమని అడగండి, ఆటో నడిపే మనిషి కదా. ఆ మందు నీళ్లు ఆయన తానే తాగాలి, మీరు చూడాలి, క్యాలెండర్లో టిక్కు పెట్టాలి. ఆ సమయంలో పాత గొడవలు ఎత్తకండి. మీ ఇద్దరికీ పొసగకపోతే ఆయన మాట వినే అన్నగారికో బావగారికో ఆ పని అప్పగించండి. వద్దన్న రోజు పోట్లాడకుండా డాక్టరుకు చెప్పండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: పెళ్లికో పండగకో నాలుగు రోజులు మాత్ర మానేసి తాగుతారు. ఆపిన తర్వాత రెండు వారాల దాకా ప్రమాదం ఉంటుంది. కొన్ని దగ్గు మందులు, ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు, హోమియో చుక్కల్లోనూ ఆల్కహాలుంటుంది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ కూడా దీంతో కూడదు. ఈ మాత్ర వాడుతున్నట్టు చీటీ రాసి ఆయన జేబులో ఉంచండి. పొరపాటున తాగి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా మాత్ర ఆపి డాక్టర్ని కలవండి.

మద్యం తాగాలన్న కోరికను ఈ మాత్ర తగ్గించదు. దానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి వేరే ఉన్నాయి, కౌన్సెలింగూ కావాలి. ఆయన ఆసుపత్రికి రానంటే మీరొక్కరే వెళ్లి మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.