క్లౌన్ ఫిష్‌కు కొత్త జోడు: ఆడా మగా అని కాదు, సైజు చూడండి

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలో ఒక జంట క్లౌన్ ఫిష్ ఉండేవి. నారింజ ఒంటిమీద మూడు తెల్ల పట్టీలుండే రకం. రెండు నెలల కింద పెద్దది, అంటే ఆడది, చనిపోయింది. చిన్నది, మగది, ఒంటరిగా మిగిలింది. దానికి ఒక పెద్ద ఆడ చేపను తెచ్చి జత చేయాలనుకుంటున్నాం. ఎలా ఎంచుకోవాలి? ఎలా కలపాలి? ఒంటరిగా ఉంటే దిగులుతో చనిపోతుందా?

జవాబు: పెద్ద ఆడ చేపను మాత్రం తేవద్దు. మీరు మగది అనుకుంటున్న చేప ఈ రెండు నెలల్లో ఆడదిగా మారడం మొదలుపెట్టే ఉంటుంది. క్లౌన్ ఫిష్‌లలో పిల్ల చేప ఆడా కాదు, మగా కాదు. పెరిగేటప్పుడు ముందు మగది అవుతుంది. గుంపులో అందరికన్నా పెద్దది, పెత్తనం చేసేది ఒక్కటే ఆడది. ఆ ఆడది పోతే దాని జత మగ చేపే ఆ స్థానంలోకి వస్తుంది. దాని బీజకోశంలో అండాశయ కణజాలం మొదటినుంచీ నిద్రాణంగా ఉంటుంది. పైన పెత్తనం చేసే చేప లేకపోయేసరికి అది మేలుకుంటుంది. ప్రవర్తన కొద్ది రోజుల్లోనే మారుతుంది, శరీరం పూర్తిగా మారడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. ఈ సంగతిని 1977లో శాస్త్రవేత్తలైన ఫ్రికె దంపతులు నేచర్ అనే విజ్ఞాన పత్రికలో వివరంగా ప్రకటించారు. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదిగా మారడం ఉండదు. అందుకే మీరు ఇప్పుడు పెద్ద ఆడదాన్ని తెస్తే ఒకే తొట్టిలో ఇద్దరు యజమానురాళ్లను పెట్టినట్టవుతుంది. ఒకటి చచ్చేదాకా కొట్లాట ఆగదు.

కాబట్టి ఆడా, మగా అని అడగకండి. అదే జాతిలో, మీ చేపలో సగం పొడవుకు మించని పిల్ల చేపను ఒక్కదాన్నే తీసుకోండి. ఏదో ఒకటి నచ్చుతుందిలే అని రెండు పిల్లల్ని తెస్తే, జత కుదిరాక మూడోదాన్ని తరిమి తరిమి చంపేస్తాయి. రంగు తేడా ఉన్నా జాతి ఒకటైతే చాలు, ఒసెల్లారిస్ అనే క్లౌన్ ఫిష్ జాతిలో నల్లటిది నారింజదానితో కలుస్తుంది. సముద్రంలో పట్టినదానికన్నా హేచరీలో పుట్టిన పిల్ల మేలని నా గట్టి అభిప్రాయం. గుళికల మేతకు అలవాటుపడి ఉంటుంది, పరాన్నజీవులు తక్కువ, పగడపు దిబ్బల మీదా భారం పడదు.

ఒంటరితనం వల్ల చనిపోతుందన్న భయం వద్దు. మేత బాగా తింటుంటే అది నెలల తరబడి, ఏళ్ల తరబడి కూడా ఒంటరిగా బతుకుతుంది. ఆ సమయాన్ని పెద్దది ఎందుకు చనిపోయిందో కనుక్కోవడానికి వాడండి. మీ ప్రశ్నలో ఆ సంగతే లేదు, నాకు ముఖ్యంగా కావలసింది అదే. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చి చనిపోయిందా? అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. మిగిలిన చేప దానికి కొంత రోగనిరోధకత సంపాదించి బాగానే కనిపిస్తుంది, కొత్త పిల్ల మాత్రం వారంలో పడిపోతుంది. అలాంటప్పుడు ఉన్న చేపను వేరే తొట్టిలోకి మార్చి రాగి మందుతో చికిత్స చేయాలి. ప్రధాన తొట్టిని చేపలు లేకుండా ఉంచాలి, సుమారు 76 రోజులు ఉంచడం పెంపకందారుల్లో ఉన్న పద్ధతి. రాగి మందును ప్రధాన తొట్టిలో మాత్రం వేయకండి, పగడాలు, రొయ్యలు, నత్తలు చస్తాయి. అలా కాకుండా ఒంటినిండా తెల్లటి జిగురు పొర కట్టి, ఎగశ్వాసతో రెండు మూడు రోజుల్లో పోయిందంటే బ్రూక్లినెల్లా అనే మరో పరాన్నజీవిని అనుమానించాలి. క్లౌన్ ఫిష్‌లను ఎక్కువగా పట్టేది ఇదే. దీనికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ స్నానం కావాలి. ఫార్మలిన్ మనకూ విషమే కనుక గాలి ఆడేచోట, చేతి తొడుగులతో, సీసా మీద రాసిన మోతాదుకు మించకుండా వాడండి.

ఏ రోగం లేకపోయినా కొత్త పిల్లను విడి తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి ఒక పైపు ముక్క చాలు. నీరు 25 నుంచి 27 డిగ్రీలు, లవణీయత లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి.

ఇక కలపడం. నేరుగా తొట్టిలో వదలొద్దు. రంధ్రాలున్న పారదర్శక డబ్బాలో పిల్లను పెట్టి ప్రధాన తొట్టిలో వారం, పది రోజులు వేలాడదీయండి. పెద్దది మొదట డబ్బా గోడను పొడుస్తుంది, అది సహజం. మీరు చూడాల్సింది పిల్ల వైపు. పెద్దది దగ్గరికి రాగానే అది పక్కకు వాలి ఒళ్లంతా వణికిస్తోందా? చాలామంది దీన్ని చూసి మూర్ఛ అనుకుని కంగారుపడతారు. నిజానికి అంతకన్నా మంచి కబురు లేదు, అది లొంగుబాటు. పెద్దది ఆ వణుకును ఒప్పుకుని పొడవడం తగ్గించాక వదలొచ్చు.

వదిలే రోజు రాళ్లను కాస్త అటూ ఇటూ మార్చి పెద్దదాని హద్దులు చెదరగొట్టండి. సాయంత్రం మేత వేసి, దీపాలు తగ్గించాక పిల్లను వదలండి. తరిమినప్పుడు ఎగిరి బయట పడే ప్రమాదం ఉంది, తొట్టిపై వల కప్పండి. రెండు మూడు రోజులు తరమడం మామూలే. పిల్ల రెక్కలు చిరిగినా, నీటి పైమూలలో నక్కి మేతకు రాకపోయినా వెంటనే విడదీయండి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు పెద్దదాన్నే డబ్బాలో పెట్టి, పిల్లను కొద్ది రోజులు తొట్టిలో స్వేచ్ఛగా తిరగనివ్వండి. ఇది చాలాసార్లు పనిచేస్తుంది. రెండూ సమఉజ్జీలుగా మూతులు పట్టుకుని పెనుగులాడితే మాత్రం ఆ జత వదులుకోవడమే మంచిది.

కలిశాక పిల్ల పెరగడం లేదని దాణా పెంచేయకండి. చిన్నది తన ఎదుగుదలను తానే అదుపులో ఉంచుకుని పెద్దదానికన్నా చిన్నగా ఉండిపోతుంది. పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త 2003లో పెర్కులా అనే జాతి క్లౌన్ ఫిష్‌లపై ఈ విషయాన్ని చూపించారు. ఆ సైజు తేడా ఉన్నంతకాలం దానికి ఆ తొట్టిలో చోటు ఉంటుంది.

ఈ సలహా ఒసెల్లారిస్, పెర్కులా రకాలకు. మెరూన్ క్లౌన్ అయితే ఆడది బాగా కోపిష్టిది, కుదిరిన జతను కూడా చంపేయగలదు. మీది ఆ రకమైతే తోడు ఆలోచన మానుకుని ఒంటరిగానే పెంచుకోండి.