బ్రెయిలీ రాయబోతున్న మా చిట్టికి

చిట్టీ,

చూపులేని బడి పిల్లలు వేలితో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీలో తెలుగు పాఠాలు రాసిచ్చే పనికి ఒప్పుకున్నావని రాత్రి మీ నాయన ఫోన్లో చెప్పాడు. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మందపు కాగితమే కొను, పల్చటిది చిరిగిపోతుంది. గడులున్న ఫ్రేములో బిగించి, మొనదేలిన స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడుస్తూ రాయి, తిప్పితే ఎడమ నుంచి చదువుకోవచ్చు. చదివేటప్పుడు ఒక్కో గడిలో ఎడమ పక్క పైనుంచి ఒకటి, రెండు, మూడు చుక్కలు, కుడి పక్క నాలుగు, ఐదు, ఆరు. ఒత్తులకు నాలుగో చుక్క ముందు రావాలి: 'అక్క' అంటే అ, నాలుగో చుక్క, క, క. ఇదంతా నెల తిరిగేలోపు చేతికి వచ్చేస్తుంది.

నేను దెబ్బతిన్నది వేరేచోట. అనంతపురంలో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టిన ఏడాది, ఒక రాత్రి కూర్చుని పిల్లలు చదవడానికి పదాలు రాశాను. మాకప్పుడు మెషిన్ ఎక్కడిది, ఫ్రేము, స్టైలసే. అరచెయ్యి బొబ్బెక్కింది. పొద్దున మూడో తరగతి పిల్లకు ఇస్తే "రవి, రాణి, రాహు" అని చదివింది. "రాజు! సరిగ్గా చూడు" అన్నాను. వేలు వెనక్కి తెచ్చి నెమ్మదిగా తడిమింది. "రాహు, టీచర్." క్లాసంతా నవ్వింది. మూడోసారీ అదే మాట అనేసరికి గట్టిగా అరిచాను. ఆ పిల్ల కాగితం మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజంతా మళ్లీ ముట్టలేదు.

సాయంత్రం దీపం దగ్గర కాగితం ఏటవాలుగా పట్టుకుని చూస్తే తప్పు నాదే. జ అంటే రెండు, నాలుగు, ఐదు చుక్కలు. హ అంటే ఒకటి, రెండు, ఐదు. అద్దంలో చూస్తే ఇది అది, అది ఇది. తిరగేసి రాస్తున్న సంగతి ఆ ఒక్క గడిలో మరిచిపోయాను. మర్నాడు తప్పయిపోయిందమ్మా అంటే, "నా వేలే బాగాలేదేమో అనుకున్నా టీచర్" అంది. సరిగ్గా చదివిన పిల్ల, చిట్టీ!

రాసిన ప్రతి కాగితం తిప్పి, కళ్లు మూసుకుని నీ వేలితో చదువు. మొదట్లో ఏమీ తెలియదు, అయినా మానకు. పిల్లలు వేరేగా చదివితే ముందు కాగితం చూడు, తర్వాతే పిల్లను. బ్రెయిలీ టైపు చేసే పెర్కిన్స్ మెషిన్ ఇస్తామంటే వద్దనకు. ఆరు చుక్కలకు ఆరు మీటలు, కొట్టింది కొట్టినట్టే పైకి లేస్తుంది, తిరగేసే తిప్పలు ఉండవు. కాగితాల మీద మాత్రం బరువు పెట్టకు, చుక్కలు అణిగిపోతాయి.

స్టైలస్ మన బుజ్జిగాడికి అందనివ్వకు. ఈ లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ మూడేళ్లప్పుడు నాన్న జీనులు కుట్టే కొట్లో, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెతో ఆడుకుంటూనే కన్ను పొడుచుకున్నాడు. ఇదీ అలాంటి మొనే. పని కాగానే బీరువా పై అరలో పెట్టి తాళం వెయ్యి. నవ్వకు, వెయ్యి.

మొదటి కాగితం నాకు పోస్టు చెయ్యి. మడత పెట్టకు, చుట్టి పంపు.

మీ అత్త