‘స్పార్క్’ ట్యాగ్‌లో వేరే ప్రశ్నలు కలిసిపోతుంటే

ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ‘స్పార్క్’ ట్యాగ్ కింద వేరే ప్రశ్నలు ఎందుకు చేరుతున్నాయని అడిగారు కదా. మీరు ‘స్పార్క్’ని, పెద్ద డేటాను ప్రాసెస్ చేసే అపాచీ స్పార్క్ సాఫ్ట్‌వేర్ ట్యాగ్ అయిన ‘అపాచీ-స్పార్క్’కి పర్యాయపదంగా కలిపేశారు (అంటే మొదటిది పెట్టినా రెండోదే పడుతుంది), ఇబ్బంది అక్కడే. అదే పేరుతో జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఒకటి, అడా అనే ప్రోగ్రామింగ్ భాష ఆధారంగా వచ్చిన భాష ఒకటి ఉన్నాయి. వాటి ప్రశ్నలూ అపాచీ కిందికే వెళ్తున్నాయి.

1. ముందు ఆ పర్యాయపదాన్ని తీయించండి.

2. పాత ప్రశ్నలను ఒక్కొక్కటిగా చదివి ట్యాగ్ మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే. శీర్షిక చూసి తేల్చకండి, కోడ్ చూడండి. డేటాఫ్రేమ్ (పట్టిక రూపంలోని డేటా) ఉంటే దాదాపుగా అపాచీయే, గ్నాట్‌ప్రూవ్ (అడా ఆధారిత స్పార్క్ కోడ్‌ను సరిచూసే సాధనం) ఉంటే అడా. అప్పటికీ తేలకపోతే అడిగినవారినే కామెంట్‌లో అడగండి. ఊహించి పెడితే జవాబు తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న కనబడదు, పాపం అడిగినవాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు.

3. రోజుకు కొన్నే చేయండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎడిట్ చేసిన పాత ప్రశ్న మళ్లీ జాబితాలో పైకి వస్తుంది, ఒకేసారి చాలా మారిస్తే కొత్త ప్రశ్నలు కిందికి పోతాయి.

4. ప్రశ్నలేవీ మిగలకపోతే ‘స్పార్క్’ ట్యాగ్ అక్కడ దానంతటదే పోతుంది.