ప్రతిపక్ష ఎమ్మెల్సీ పింఛను తేగలరా?

ప్రశ్న: మా అబ్బాయి 2008లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాడు, సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా జమచేసే పింఛను పథకంలో) ఉన్నాడు. పట్టభద్రుల స్థానంలో మేము ఓటేసి గెలిపించిన ఎమ్మెల్సీ ప్రతిపక్షంలో ఉన్నారు. ఉద్యోగి వాటా లేని పాత పింఛను గురించీ, బడుల గురించీ మండలిలో మాట్లాడుతూనే ఉంటారు. ఫలితం మాత్రం కనబడదు. ఆయన చేతిలో నిజంగా ఏమైనా ఉందా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది, కాని మీరు వెతుకుతున్న చోట లేదు. పాత పింఛను కోసం ఆయన సొంతంగా బిల్లు తెచ్చి నెగ్గించుకోలేరు. సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా, నుంచి ఖర్చయ్యే బిల్లును గవర్నరు సిఫార్సు లేనిదే సభ ఆమోదించరాదని రాజ్యాంగం 207వ అధికరణం చెబుతోంది. ఆ సిఫార్సు మంత్రివర్గం తలచుకుంటేనే వస్తుంది. ద్రవ్య బిల్లయితే (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైనదైతే) మండలి దాన్ని 14 రోజులకు మించి ఉంచుకోలేదు.

చదువుల విషయంలో పట్టు కాస్త ఎక్కువ. ఇంగ్లీషు మాధ్యమం కోసం విద్యా చట్టాన్ని సవరించే బిల్లును 2019 డిసెంబరులో శాసనసభ పంపినప్పుడు, ప్రతిపక్షానిదే ఆధిక్యంగా ఉన్న అప్పటి మండలి, మాధ్యమాన్ని ఎంచుకొనే వీలుండాలంటూ సవరణలతో తిప్పి పంపింది. 2020 జనవరిలో శాసనసభ వాటిని తోసిపుచ్చి బిల్లును మళ్లీ ఆమోదించింది. 197వ అధికరణం ప్రకారం మండలి సాధారణ బిల్లును మొదటిసారి 3 నెలలు, రెండోసారి 1 నెల మాత్రమే ఆపగలదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లీషు మాధ్యమంపై ప్రభుత్వం ఇచ్చిన 81, 85 జీవోలను హైకోర్టు కొట్టివేసింది. అది మండలి గెలుపని చెప్పను, ఆ వ్యాజ్యం దారి వేరు.

పింఛను దగ్గర ఆయనకున్న అసలు ఆయుధం ప్రశ్నోత్తరాల సమయం. మూల వేతనం, డీఏ కలిపి 60,000 రూపాయలున్న ఉద్యోగికి నెలకు 6,000 కోతపడుతుంది, ప్రభుత్వం అంతే జమచేయాలి. ఆ వాటా ఏ నెల వరకు ఖాతాల్లో పడింది, జిల్లాలవారీగా బకాయి ఎంత అని నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో అంకెతో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. 2023లో చివరి మూల వేతనంలో 50 శాతానికి హామీ ఇస్తూ జీపీఎస్ (హామీ పింఛను పథకం) చట్టం చేశారు. అలాంటి బిల్లు వచ్చినప్పుడు ప్రతి క్లాజుకూ సవరణ కోరి, ఓటింగుకు పట్టుబట్టారా అన్నది చూడండి. అరగంట ఉపన్యాసం కన్నా నాకు అదే ముఖ్యంగా తోస్తుంది.

ఇంకొక మాట: ఉపాధ్యాయ స్థానంలో ఓటు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని బడుల్లో పనిచేసేవారికే. మీ అబ్బాయిది ప్రాథమిక పాఠశాలైతే అతనికీ పట్టభద్రుల ఓటే దిక్కు, కాబట్టి మీ ఎమ్మెల్సీనే అడగాలి. ప్రాన్ (సీపీఎస్ పింఛను) ఖాతా స్టేట్‌మెంటు, అవే నెలల జీతం స్లిప్పులు జెరాక్సు తీసి, తేడా వచ్చిన నెలలు ఒక కాగితం మీద రాసి, సమావేశాలకు ముందే ఆయనకు అందజేయండి. ప్రశ్నకు నోటీసు ముందుగా ఇవ్వవలసి ఉంటుంది.